పదకొండు డబ్బాలు

తన కూతురు కోమలి తొడమీద ఎర్రటి గీత నడుస్తోందని నిస్సీ చెబితే ఎవరూ నమ్మలేదు.

పొద్దున పొయ్యిమీద ఎసరు పెట్టి వచ్చి చూసినప్పుడు ఆ గీత మోకాలికి కాస్త పైన ఉంది. పాప గోక్కుంటూ ఏడుస్తోంది. నిస్సీకి ఏం తోచిందో ఏమో, నోటుబుక్కు పక్కన పడున్న బాల్‌పెన్ను తీసి గీత కొసన ఒక చుక్క పెట్టింది. అన్నం వార్చి వచ్చేసరికి గీత ఆ చుక్కను దాటి నాలుగు వేళ్లు పైకి పోయి ఉంది. ఇంకో చుక్క పెట్టింది. మధ్యాహ్నానికి గీత మాయమైంది. చుక్కలు మిగిలాయి.

"మామిడి సొన తగిలింటాది మే," అన్నాడు ఆమె భర్త ఏబెల్, లగేజి ఆటో తుడుచుకుంటూ.

"ఇది ఫిబ్రవరి నెల. చెట్టుకు పిందె గూడా పడలే. సొన యాడినించి వస్తాది?"

ఏబెల్ మళ్లీ ఆటో తుడవడంలో పడ్డాడు. అతని తల్లి అక్కమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని, "ఊరికే యాదో ఒకటి పట్టుకుంటావు. డాక్టరు మందిస్తా ఉండాడు గదా, ఆయన కన్నా నీకు ఎక్కువ తెలుసునా?" అని విసుక్కుంది.

వాళ్లుండేది బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన, ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల. పనివాళ్ల కోసం కట్టిన పద్నాలుగు ఇళ్లు వరసగా ఉంటాయి. అందరూ వాటిని లైను అంటారు. తోతాపురి కాయ దిగే రెండు మూడు నెలలూ ఫ్యాక్టరీలో ఊపిరాడనంత పని. మిగతా కాలమంతా జామ, టమోటా, బొప్పాయి. నిస్సీ కాయలు కోసే బల్ల దగ్గర ఆరేళ్లుగా నిలబడుతోంది. కోమలి పుట్టింది కూడా లైనులోనే. ఇప్పుడు ఒకటో తరగతి.

వానలు పోయాక పాపకు దగ్గు మొదలైంది. తర్వాత ఆయాసం, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి. బజారులో పిల్లల క్లినిక్కు నడిపే డాక్టర్ భానుచందర్ జనవరిలో రక్తం పరీక్ష చేయించి, కాగితంమీద ఒక అంకె చుట్టూ సున్నా చుట్టాడు. ఈసినోఫిల్స్, ఇరవై ఎనిమిది శాతం.

"ఆరు దాటకూడదు. పాపకు అలర్జీ ఎక్కువగా ఉంది. ఉబ్బసం లక్షణం," అన్నాడు.

"నట్టలేమన్నా ఉంటాయా సార్?"

"బడిలో నులిపురుగుల మాత్ర మింగించారు కదా?"

"ఆగస్టులో ఇచ్చినారు."

"అయితే ఆ మాట వదిలెయ్."

ఆయన స్టీరాయిడ్ చుక్కలు రాసిచ్చాడు. చుక్కలు పోసిన మూడో రోజుకల్లా దగ్గు ఆగింది. నిస్సీ ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. చుక్కలు ఆపగానే దగ్గు మళ్లీ వచ్చింది. మళ్లీ పోశారు, మళ్లీ ఆగింది. అలా మే నెల దాకా నడిచింది. అప్పటికి పాప ముఖం గుండ్రంగా ఉబ్బింది, కాళ్లు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం బిగుసుకుపోయి ముందుకు వచ్చింది. తిన్నది నిలవడం లేదు. దగ్గు తక్కువే గాని, నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతోంది.

డాక్టర్ మళ్లీ రక్తం పరీక్ష చేయించాడు. కాగితం చూసి ఆయన ముఖం విప్పారింది.

"చూశావా? ఇరవై ఎనిమిది ఉన్నది రెండుకు దిగింది. మందు బాగా పనిచేస్తోంది. డోసు ఇంకొంచెం పెంచుదాం."

నిస్సీ ఒళ్లో ఉన్న బిడ్డను చూసింది, కాగితం చూసింది.

"అంకె దిగింది సార్. బిడ్డ గూడా దిగిపోతా ఉండాది. తొడమీద గీత నడస్తా ఉందని చెప్పినా, పెన్నుతో చుక్కలు పెట్టి చూసినానని చెప్పినా, మీరు నవ్వినారు."

"ఫోనుల్లో చూసి ప్రతివాళ్లూ డాక్టర్లయిపోతే మేమెందుకమ్మా?"

"నేను ఫోన్లో సూడలే. బిడ్డ తొడమీద సూసినా." ఆమె లేచింది. "డోసు పెంచను సార్. తిరపతికి పోతా."

"పో. అక్కడా ఇదే చెబుతారు."

"చెప్పనీ. రెండోసారి ఇంటా."

గది బయట కూర్చున్న తల్లులంతా తలలెత్తి చూశారు. నిస్సీ చెవులు వేడెక్కాయి గాని వెనక్కి తిరగలేదు. పక్కనున్న మందులషాపు ముందు ఆగి ఏబెల్‌కు ఫోన్ చేసింది. అతను ముందు, "పెద్దోళ్లతో తగాదా ఎందుకు మే," అన్నాడు. తర్వాత, "ఆడ్నే ఉండు, చిత్తూరు దాకా ఆటోలో దింపుతా," అన్నాడు.

చిత్తూరులో బస్సెక్కి, పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరుపతి పెద్దాసుపత్రికి చేరేసరికి కోమలి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది, నిద్రలోనే మూలుగుతోంది. వార్డులో చేర్చుకున్నారు. రక్తం తీసి, గొట్టాన్ని ల్యాబులో ఇచ్చి రమ్మని నిస్సీని పంపారు.

ల్యాబు కిటికీ వెనక పద్మాక్షి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నుదుట సన్నటి శ్రీచూర్ణం, ముక్కుమీదికి జారే కళ్లజోడు. ముప్పై ఏళ్లుగా సూక్ష్మదర్శినిలోకి వంగి వంగి ఆమె మెడ కాస్త ముందుకు పొడుచుకు వచ్చింది. గొట్టం అందుకుని, "వెళ్లమ్మా, రిపోర్టు వార్డుకే వస్తుంది," అంది.

నిస్సీ కదల్లేదు. చీర కొంగులోంచి పాత రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరు తీసి కిటికీలోంచి లోపలికి తోసింది.

"మేడమ్, ఒక్క మాట చెప్పండి. ఈ అంకె ఇరవై ఎనిమిది ఉన్నప్పుడు నా బిడ్డ పరిగెత్తతా ఉండె. ఇప్పుడు రెండుకొచ్చింది, నడవలేకుండా ఉండాది. తగ్గితే మంచిదంటారు. ఎవురికి మంచిది?"

వెనక వరసలో ఎవరో, "జరుగమ్మా," అని గదమాయించారు. పద్మాక్షి ఆ మనిషిని చెయ్యెత్తి ఆపింది. కాగితాలు తేదీల వారీగా సర్ది చదివింది.

"మధ్యలో ఏం మందు వాడారు?"

నిస్సీ చుక్కల సీసా చూపించింది. పద్మాక్షి కళ్లజోడు పైకి తోసుకుంది.

"దురద ఉందా? ఒంటిమీద చారలాగా..."

"గీత! నడిచే గీత. ఇంత పొడుగు నడిచింది, అన్నం ఉడికేలోపల." ఆ మాట అడిగిన మొదటి మనిషి పద్మాక్షే.

పద్మాక్షి ఒక మూత డబ్బా ఇచ్చింది. "పాప దొడ్డికి కూర్చున్నప్పుడు ఇందులో కొంచెం పట్టుకురా. వెంటనే తేవాలి, ఆరకూడదు. ఒక్కసారి కాదు, మూడు రోజులు వరసగా."

మొదటి రోజు ఏమీ కనపడలేదు. వార్డులో ఉన్న కుర్ర డాక్టరు కేసు కాగితంలో పురుగులు లేవని రాసి, ఆయాసానికి స్టీరాయిడ్ సూది మొదలుపెట్టాలని కూడా రాశాడు. ఆ సంగతి నిస్సీ వచ్చి చెప్పగానే పద్మాక్షి కుర్చీలోంచి లేచి, తెల్లకోటుతోనే మెట్లెక్కి వార్డుకు వెళ్లింది.

"డాక్టర్ గారూ, నేను లేవు అని రాయలేదు. ఈ రోజు కనపడలేదు అని రాశాను. రెండూ ఒకటి కాదు. రేపటి దాకా సూది ఆపండి."

"టెక్నీషియన్ చెబితే మందు ఆపాలా?"

"నేను చెబితే వద్దు. పెద్ద డాక్టరమ్మను అడగండి. మీరు అడగకపోతే నేనే అడుగుతా."

ఆ అబ్బాయి ముఖం చిట్లించాడు గాని అడిగాడు. వార్డు పెద్ద డాక్టరమ్మ కాగితాలు చూసి, ఆ సూదిని పక్కన పెట్టమంది.

రెండో రోజు ఉదయం పది గంటలకు పద్మాక్షి నిస్సీని లోపలికి పిలిచింది. సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకుని చూడమంది. మొదట తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఆ వెలుగులో సన్నటి దారపు పోగులాంటిది ఒకటి మెలికలు తిరిగింది. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. ఒక్క చుక్కలోనే అవి గిలగిలా కొట్టుకుంటూ ఈదుతున్నాయి.

నిస్సీ వెనక్కి వాలింది.

"ఇవే నీ గీత," అంది పద్మాక్షి. "పిల్ల పురుగులు. బడిలో ఇచ్చే ఒక్క మాత్రతో ఇవి సరిగా చావవు. మిగతా నట్టల గుడ్లు దొడ్డితో బయటికి పోతాయి, వీటి గుడ్లు లోపలే పిల్లలవుతాయి. కొన్ని లోపలే మళ్లీ పేగు తొలుచుకుని ఒంట్లో తిరుగుతాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు. చర్మం కింద పోతే గీత."

"మరి ఆ అంకె?"

పద్మాక్షి ఇంకో గాజు పలకను సర్ది ఆమెకు చూపించబోయి, మానేసి, నిస్సీ వైపు తిరిగి కూర్చుంది.

"రక్తంలో కొన్ని కణాలున్నాయి. పురుగు లోపలికి వస్తే వాటికి కబురు పోతుంది. గుంపుగా వచ్చి దాన్ని చుట్టుకుని, తమలో ఉన్న మందంతా దాని మీద కుమ్మరిస్తాయి. ఘాటైన మందు. కొంచెం మన కండకు కూడా తగులుతుంది. ఆ వాపే పాపకు దగ్గయింది, దద్దురయింది, కడుపునొప్పి అయింది. జనవరిలో ఆ అంకె అంత ఉందంటే, నీ బిడ్డ ఒళ్లు గట్టిగా పోట్లాడుతోందని అర్థం."

"ఈ చుక్కలు?"

"వాపును ఆపాయి. వాపుతో పాటు ఆ పోట్లాడే కణాలను కూడా అణిచేశాయి. అందుకే దగ్గు తగ్గింది, అంకె తగ్గింది. పురుగులకు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా పోయింది."

నిస్సీ చాలాసేపు తన అరచేతుల వంక చూసుకుంది. రోజూ ఆ చుక్కలు లెక్కబెట్టి పోసింది ఆ చేతులే.

"అంటే నా బిడ్డ చేతులు కట్టేసి, కొట్టండ్రా అని వాటికి అప్పజెప్పినామా మేడమ్?"

"నువ్వు కాదు. నువ్వే కదా ఇక్కడిదాకా తెచ్చింది." పద్మాక్షి ఆమె భుజం తట్టింది. "ఏడవడానికి తర్వాత టైముంది. ముందు వార్డుకు పద."

ఆ తర్వాతి నాలుగు రోజులు నిస్సీ జీవితంలో అతి పొడుగైనవి. పురుగులు పేగును తొలిచినచోట సూక్ష్మజీవులు రక్తంలోకి చేరాయని, జ్వరం అందుకేనని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. స్టీరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదని, కొలిచి కొలిచి తగ్గించింది. పురుగుల మందు ఒక రోజుతో వదలకుండా రోజూ వేయించింది. పద్మాక్షి ప్రతి ఉదయం డబ్బా చేతికందగానే మిగతా పనులు పక్కన పెట్టి చూసేది. మందు మొదలైన తొలి రోజు, "కుప్పలు." తర్వాతి రోజు, "తగ్గాయి, కానీ కదులుతున్నాయి." ఆ తర్వాత, "కదలడం లేదు."

ఐదో రోజు కోమలి కళ్లు తెరిచి, "అమ్మా, ఆకలేస్తా ఉంది," అంది. నర్సు పాలూ రొట్టే ఇవ్వబోతే మొహం తిప్పుకుంది. "చిత్రాన్నం కావాల. బుడ్డలెక్కువెయ్యాల."

తల్లిని వెంటబెట్టుకుని వచ్చిన ఏబెల్ ఆసుపత్రి బయట నాలుగు హోటళ్లు తిరిగి చిత్రాన్నం పట్టుకొచ్చాడు. వేరుశనగ బుడ్డలు తక్కువున్నాయని పాప అలిగింది. ఆ అలక చూసి అక్కమ్మ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. తర్వాత కోడలి పక్కకు వచ్చి కూర్చుని, "నీ మాట ఇనింటే ఇంతదాకా వచ్చుండదు మే," అంది. అంతకు మించి ఆ ముసలామె ఎప్పుడూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

ఈసారి రక్తం పరీక్షలో ఆ అంకె పదకొండు. ఇంటికి పంపుతూ పద్మాక్షి నవ్వింది. "పెరిగిందని భయపడకు. ఆ పోట్లాడేవాళ్లు మళ్లీ డ్యూటీకి వచ్చారు. పని అయిపోయాక మెల్లగా తగ్గుతారు."

"మేడమ్, ఇవి యాడినించి వచ్చినాయి?"

"మట్టిలోంచి. దొడ్డి నీళ్లు కలిసిన తడి మట్టిలో ఉంటాయి. ఉత్త కాళ్లతో తొక్కితే చర్మంలోంచి దూరుతాయి. మీ ఇళ్ల దగ్గర అలాంటి చోటేమైనా ఉందా?"

నాలుగో ఇంటి వెనక ఉన్న స్థలం ఆమె కళ్లముందుంది. లైనంతటికీ ఉన్నవి నాలుగు లెట్రిన్లు. రెంటికి తలుపులు లేవు, దేనికీ కొళాయి లేదు. సెప్టిక్ ట్యాంకు మూత పగిలి రెండేళ్లయింది. ఫ్యాక్టరీలో కాయలు కడిగిన నీళ్లు కూడా ఆ పక్కనుంచే పారతాయి కాబట్టి ఎండాకాలంలో సైతం అక్కడి నేల చల్లగా, మెత్తగా ఉంటుంది. చుట్టుపక్కల నీడ ఉన్న చోటు అదొక్కటే. పిల్లలంతా ఆడుకునేది అక్కడే. సూపర్‌వైజర్ వెంకటమునికి ఆమె రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆయన చూస్తానన్నాడు.

ఇంటికి వచ్చిన మర్నాడే ఆమె డాక్టర్ భానుచందర్ క్లినిక్కుకు వెళ్లింది. ఆసుపత్రి కాగితం ఆయన బల్లమీద పెట్టింది.

"తగాదాకు రాలేదు సార్. మా లైనులో ఇంకా ముగ్గురు పిల్లోళ్లు ఇవే చుక్కలు తాగతా ఉండారు. మీరే రాసినారు. వాళ్లకు ఈ టెస్టు చెయ్యకుండా ఇంకొక్క చుక్క పొయ్యనియ్యను. ఆ మాట చెప్పడానికొచ్చినా."

ఆయన ముఖం మొదట ఎర్రబడింది. ఏదో అనబోయి కాగితం అందుకున్నాడు. ఒకసారి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"పాప ఎలా ఉంది?"

"తింటా ఉండాది."

ఆయన కాగితం మీదనుంచి తల ఎత్తలేదు. "దీని జిరాక్సు ఒకటి ఇచ్చిపో. ఆ ముగ్గురినీ ఈరోజే తీసుకురమ్మను. మందు వాళ్లంతట వాళ్లు ఆపొద్దు, నేను చూసి తగ్గిస్తా."

నిస్సీ జిరాక్సు తీయించి ఇచ్చి లైనుకు నడిచింది.

పద్మాక్షికి ఫోన్ చేస్తే, "మిగతా పిల్లలవి తెస్తే చూస్తాను. కానీ తాజాగా ఉండాలి, ఉదయం మొదటి బస్సుకే రావాలి," అంది. లైనులో కోమలి కాక పిల్లలు పదకొండు మంది. నిస్సీ పదకొండు మూత డబ్బాలు తెచ్చి, ఒక్కోదానిమీద పేరు రాసి ఇల్లిల్లూ తిరిగింది. కొందరు నవ్వారు. కొందరు ముక్కు మూసుకున్నారు. చివరింటి చంద్రకాంతమ్మ తలుపు సగమే తీసింది.

"మా పాపకు నట్టలుండాయని నలుగురికీ తెలిస్తే సిగ్గుగాదా మే?"

"నట్టలుండేదానికి సిగ్గెందుకక్కా? పగిలిన మూత కప్పనోళ్లకు లేని సిగ్గు మనకెందుకు?"

చంద్రకాంతమ్మ తలుపు వేసేసుకుంది.

మర్నాడు ఉదయం నిస్సీ వైరుబుట్టలో పది డబ్బాలతో హైవే మీద నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. ఆమె మెట్టుమీద కాలు పెట్టేసరికి వెనకనుంచి కేక వినిపించింది. చంద్రకాంతమ్మ చీర ఎగ్గట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తోంది. రొప్పుతూ పదకొండో డబ్బా బుట్టలో పెట్టి, "పల్లవిది. పేరు సరిగ్గా సూసుకో," అని ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా తిరిగిపోయింది.

చిత్తూరులో మారిన బస్సులో కండక్టరు బుట్ట వంక అనుమానంగా చూశాడు.

"ఏముందిమ్మా అందులో?"

"పిల్లోళ్ల దొడ్డి. తిరపతిలో టెస్టుకు."

పక్క సీటులో ఉన్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచింది. వెనక ఎవరో పగలబడి నవ్వారు. దింపెయ్యమని ఇంకెవరో అన్నారు. నిస్సీ బుట్టను ఒళ్లోకి లాక్కుని, బస్సంతా వినపడేలా అంది:

"మూతలు బిగించి, రెండు కవర్లలో చుట్టినా. వాసన రాదు. మా పిల్లోళ్ల కడుపులో ఉండేది ఇది. మీ పిల్లోళ్ల కడుపులో పన్నీరుంటాదా? దిగేది లేదు. టికెట్టియ్యన్నా."

కండక్టరు ఆమెను ఒక నిమిషం చూశాడు. టికెట్టు చింపి ఇచ్చి, "ముందుకొచ్చి డ్రైవరు ఎనక కూర్చో తల్లీ. ఆడ కుదుపు తక్కువ," అన్నాడు.

రిపోర్టులు రెండు రోజుల్లో వచ్చాయి. పదకొండు మందిలో ఆరుగురికి కోమలికి ఉన్న పురుగులే. ఇద్దరికి కొంకి పురుగులు. పద్మాక్షి ప్రతి కాగితం మీదా సంతకం చేసి, పెద్ద డాక్టరమ్మ చేత ఊరి ఆరోగ్య కేంద్రానికి ఉత్తరం రాయించింది. "పెద్దవాళ్లకూ పరీక్ష చెయ్యాలి. మందు అందరికీ పంపిస్తారు. కానీ నిస్సీ, ఆ నేల అట్లాగే ఉంటే ఎన్నిసార్లు మింగించినా మళ్లీ ఎక్కుతాయి," అంది.

అప్పటికి జూలై వచ్చింది. ఫ్యాక్టరీ బయట తోతాపురి లారీలు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. నిస్సీ కాగితాలు పట్టుకుని వెంకటముని గదికి వెళ్లింది. ఆయన చదవలేదు.

"నీ బిడ్డకు నయమాయె గదా. ఇంకేం కావాల నీకు?"

"మూత గావాల. కొళాయి గావాల. కడిగిన నీళ్లు అటు పారకుండా కాలవ దీయాల."

"సీజన్ అయిపోనీ. ఆగస్టులో సూస్తాం."

"రెండేండ్లుగా సూస్తానే ఉండారు. పురుగులు సీజన్ సూసుకోవు సార్."

వెంకటముని గొంతు తగ్గించాడు. "ఈ కాయితాలు యాడన్నా కనబడితే ఆఫీసర్లొస్తారు. ఫ్యాక్టరీ మూసేస్తే లైనులో అందరూ నిన్నే తిడతారు. పోయి బల్లకాడ నిలబడు. లేదంటే రేపట్నుంచి గేటు కాడ నీ పేరుండదు."

ఆమె పోయి బల్ల దగ్గర నిలబడలేదు. చేతి తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది. బయటికి వచ్చి గేటు ముందు మట్టిలో కూర్చుంది. ఒక్కతే ఎంతసేపు కూర్చోవాలో ఆమెకు తెలియదు.

ముందుగా వచ్చింది అక్కమ్మ. కర్ర పక్కన పడేసి, మోకాళ్లు పట్టుకుని, కోడలి పక్కన కూలబడింది. తర్వాత చంద్రకాంతమ్మ. ఆ వెనక పచ్చటి తొడుగులు విప్పుకుంటూ ఒక్కొక్కరు. తిండి గంట కొట్టేసరికి ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు గేటు ముందు ఉన్నారు. లోపల కోత బల్లలు ఖాళీ. పండిన కాయ ఆగదు. మధ్యాహ్నానికే యార్డులోంచి పుల్లటి వాసన మొదలైంది. లారీ డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి విసిగి, చివరికి కిందికి దిగి ఏమైందని అడిగి, విని, తల పంకిస్తూ నీడకు పోయి కూర్చున్నారు.

రెండో రోజు పది గంటలకు వెంకటముని వచ్చాడు. గేటు ముందుకు కాదు, లైనులోకే వచ్చాడు. అందరినీ వెంటబెట్టుకుని నాలుగో ఇంటి వెనక్కి నడిచాడు.

"యాడ? ఏముందీడ? కొంచెం బురద. ఈమాత్రానికి ఇంత గలాటానా?"

నిస్సీ ముందుకు వచ్చింది.

"అయితే ఒక పని చెయ్యండి సార్. ఆ బూట్లు ఇప్పండి. ఉత్త కాళ్లతో ఈ బురదలో నాలుగడుగులు నడవండి. మా పిల్లోళ్లు రోజూ నడిచేదే. మీరు ఆ గోడ దాకా పోయి వచ్చినారంటే ఇప్పుడే బల్లకాడికి పోతాం. అందరం."

పగిలిన మూతమీద ఈగలు ముసురుతున్నాయి. వెంకటముని బురద చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు. కుడికాలు కొంచెం కదిలింది. మళ్లీ అక్కడే ఆగింది.

"నడువు సార్!" అంది అక్కమ్మ, కర్రతో గోడవైపు చూపిస్తూ.

ఆయన వెనక్కి తిరిగి ఫోన్ తీశాడు.

సాయంత్రానికి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి వచ్చింది. మర్నాడు సిమెంటు మూతలు, కొళాయి పైపులు, ఇద్దరు మేస్త్రీలు. రెండు తలుపులు కూడా వచ్చాయి, ఒకదానికి గడియ లేకుండా. కాలవ సంగతి మాత్రం తేలలేదు. దానికి పెద్ద ఇంజనీరు రావాలన్నారు. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సమ్మ లైనులో పెద్దా చిన్నా అందరినీ బరువు తూచి, మాత్రలు మింగించి, రెండో విడతకు గురువారం వస్తానని చెప్పింది.

ఆడవాళ్లు పనిలోకి వెళ్లే రోజు గేటు దగ్గర వెంకటముని నిస్సీని పక్కకు పిలిచాడు.

"ఈ సీజన్‌కు నిన్నేమీ చెయ్యలేను. వచ్చే ఏడు లిస్టులో నీ పేరు ఉండదు. అది మాత్రం రాసిపెట్టుకో."

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు సూసుకుందాం సార్. నాతో కూర్చున్నోళ్లందరి పేర్లు గూడా కొట్టేస్తారా, సూస్తాంలే." ఆమె లైను వైపు తల తిప్పింది. ఇంటి ముందు కోమలి కొత్త చెప్పులు తొడుక్కుని, అవి కరుస్తున్నాయని నాయనమ్మతో గొడవ పడుతోంది. "గురువారం నర్సమ్మ వస్తాది. ఆ పొద్దుకు కొళాయిలో నీళ్లు రావాల. రాకపోతే యాడ కూర్చుంటామో మీకు తెలుసు."

ఆమె తొడుగులు బిగించుకుని లోపలికి నడిచింది. బల్లమీద కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. కత్తి అందుకుని మొదటి కాయ కోసింది.